అమ్మానాన్నలతో లండన్: జేబుకి చిల్లు పడకుండా నాలుగైదు రోజులు ఎలా?

రేపల్లె_ప్యాసింజర్
అందరికీ నమస్కారం. నేను లీడ్స్‌లో ఉంటాను. వచ్చే మే నెలలో అమ్మానాన్నలు వస్తున్నారు. మా ఊళ్ళో లీడ్స్ అంటే ఎవరికీ తెలియదు, "మీవాడు లండన్‌లో ఉన్నాడటగా" అనే అడుగుతారు. కాబట్టి లండన్ చూపించక తప్పదు. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఏ ఊరెళ్ళినా ముందే అన్నీ చదువుకుని వెళ్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. హోటల్ రేట్లు చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి. లీడ్స్ నుంచి రానూపోనూ ఛార్జీలు పక్కన పెట్టి, ముగ్గురికీ కలిపి 700 పౌండ్లలో అవుతుందా? ఇంకో సంగతి, నాన్నకి ప్రతి పౌండునీ రూపాయల్లోకి మార్చి చూసే అలవాటు. అందుకే వీలైనవన్నీ ముందే బుక్ చేసేద్దామని చూస్తున్నాను.

పాలమూరు_పిల్లగాడు
700 కష్టం అన్నా. హోటల్‌కే సగం పైన పోతది.

ఈస్ట్‌హామ్_అక్క
ప్యాసింజర్ గారూ, కష్టమే గానీ అవుతుంది. నేను ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది, మా వైపు వాళ్ళూ, మావారి వైపు వాళ్ళూ వంతులవారీగా దిగుతూనే ఉంటారు. అందుకని ఈ లెక్క నాకు కంఠతా వచ్చేసింది.

మొదట తేల్చుకోవాల్సింది బస ఎక్కడ అన్నది. అందరూ "సెంట్రల్‌లో ఉంటే ప్రయాణం ఖర్చు తగ్గుతుంది" అంటారు. ముగ్గురు మనుషులకి అది నిజం కాదు. అక్కడ గదికి కట్టే అదనపు డబ్బుతో మీరు రోజంతా బస్సుల్లోనూ రైళ్ళలోనూ తిరిగినా ఇంకా మిగులుతుంది. స్ట్రాట్‌ఫర్డ్, ఫారెస్ట్ గేట్, ఇల్‌ఫర్డ్ వైపు చూడండి. ఈ మూడూ ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం మీద ఉన్నాయి. ఆ లైన్ మీద ప్రతి స్టేషన్లోనూ వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేకుండా వెళ్ళొచ్చు. మీ అమ్మగారికి అంతకంటే మంచి లైన్ లండన్‌లో లేదు. బడ్జెట్ చెయిన్ హోటళ్ళలో ఫ్యామిలీ రూమ్ అని ఉంటుంది, ముగ్గురికీ ఒకే గది సరిపోతుంది. ఆ రేట్లు విమానం టికెట్ల లాగా రోజురోజుకీ మారతాయి. మేకి ఇప్పుడే బుక్ చేసుకోండి, కాన్సిల్ చేసుకునే వీలున్న రేటు అయితే ఇంకా మంచిది. శుక్ర, శనివారాల రాత్రులు తగలకుండా ఆదివారం సాయంత్రం దిగి గురువారం బయల్దేరేలా పెట్టుకుంటే మామూలుగా చవకలో పోతుంది. రెండు బ్యాంకు సెలవులు (ఇక్కడ అందరికీ సెలవు ఉండే సోమవారాలు) మేలోనే వస్తాయి, ఆ వారాంతాల జోలికి మాత్రం వెళ్ళకండి.

భోజనం సంగతి ఈ వైపు ఉంటే మీకు బెంగే ఉండదు. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్ పొడవునా ఇడ్లీ, దోసె, సాంబారన్నం. అదే వీధిలో మహాలక్ష్మి గుడి, కొంచెం ముందుకు మానర్ పార్క్ వైపు చర్చ్ రోడ్‌లో మురుగన్ గుడి. పొద్దున్నే గుడికి తీసుకెళ్ళి అక్కడే టిఫిన్ పెట్టించి ఊళ్ళోకి బయల్దేరండి. అమ్మలు ఆ రోజంతా సణగరు, నాది గ్యారంటీ.

డబుల్‌డెక్కర్
అక్క చెప్పినదానికి ప్రయాణం లెక్క కలుపుతున్నాను.

ఆయిస్టర్ కార్డు (లండన్ బస్సులకీ రైళ్ళకీ ముందే డబ్బు వేసుకునే కార్డు) కొనకండి. కార్డుకే డబ్బు కట్టాలి, అది తిరిగి రాదు. మీ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుతో ట్యాప్ చేసినా పెద్దవాళ్ళకి అదే ఛార్జీ, అదే రోజు పరిమితి. ఒక రోజులో ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఆ పరిమితి దాటి కోత పడదు. 2025 ధరల్లో జోన్ 1, 2 (ఊరి నడిబొడ్డు, దాని చుట్టుపక్కల) లోపల అది 8 పౌండ్ల 90 పెన్నీలు. దూరపు జోన్లకి ఇంకాస్త ఎక్కువ. ఉత్త బస్సులే అయితే 5 పౌండ్ల 25 పెన్నీలు. మామూలుగా మార్చిలో ఛార్జీలు సవరిస్తుంటారు, మీరు వచ్చేముందు ఒకసారి చూసుకోండి.

చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే: ఒక కార్డుతో ముగ్గురూ ట్యాప్ చేయడం కుదరదు. మనిషికో కార్డు కావాలి. అలాగే పొద్దున కార్డుతో, సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్‌తో ట్యాప్ చేస్తే సిస్టమ్ దృష్టిలో అవి ఇద్దరు మనుషులు. పరిమితి కలవదు. ఏదో ఒకదానికే కట్టుబడి ఉండండి. నాన్నగారి ఇండియా కార్డు వాడితే వాళ్ళ బ్యాంకు ఫారెక్స్ ఛార్జీ వేస్తుందేమో కనుక్కోండి. మీ దగ్గర ఇక్కడి కార్డులు రెండు మూడు ఉంటే చెరొకటి ఇచ్చేయండి.

2025 ధరల్లో బస్సు ఒకసారికి 1 పౌండు 75 పెన్నీలు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ కట్టక్కర్లేదు. నగదు తీసుకోరు, 2014 నుంచే ఆపేశారు.

టూరిస్టుల ఓపెన్ టాప్ బస్సులకి మనిషికి 30 పౌండ్లు, ఆపైన పెట్టడం దండగ. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15 నంబరు ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటే సెయింట్ పాల్స్ చర్చి మీదుగా టవర్ ఆఫ్ లండన్ కోట దాకా తీసుకెళ్తుంది. 24 నంబరు క్యామ్డెన్ నుంచి ట్రఫాల్గర్ మీదుగా పార్లమెంటు ముందుకు పోతుంది. పాత వ్లాగులు చూసి 11 నంబరు ఎక్కకండి. 2023లో దాని రూటు మార్చేశారు, ఇప్పుడు సెయింట్ పాల్స్ వైపు పోదు. అమ్మగారు పైకి ఎక్కలేకపోతే కింద ముందు సీట్లు పెద్దవాళ్ళకే.

లీడ్స్ రైలు కింగ్స్ క్రాస్‌లో దింపుతుంది కదా. అక్కడ లిఫ్టులు ఉన్నాయి. ఒక్క స్టాపు ఫారింగ్‌డన్, అక్కడ ఎలిజబెత్ లైన్ మారండి. ఎక్కడా మెట్లు తగలవు.

వైజాగ్_బీచ్‌రోడ్
60 దాటినవాళ్ళకి లండన్‌లో ప్రయాణం ఫ్రీ అని మా ఆఫీసులో చెప్పారు. మీ అమ్మానాన్నలకి వర్తిస్తుందేమో చూడండి బ్రో.

డబుల్‌డెక్కర్
> 60 దాటినవాళ్ళకి లండన్‌లో ప్రయాణం ఫ్రీ

అది లండన్‌లో నివాసం ఉండేవాళ్ళకి మాత్రమేనండీ. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి రాదు. కానీ సీనియర్ రైల్‌కార్డుకి నివాసంతో పని లేదు, 60 నిండితే చాలు, పాస్‌పోర్టుతో తీసుకోవచ్చు. 2025లో ధర 35 పౌండ్లు. దానితో రైలు టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. లీడ్స్ నుంచి లండన్ రానూపోనూ టికెట్లోనే చాలావరకు వసూలైపోతుంది, మళ్ళీ యార్క్, ఎడిన్‌బరో తీసుకెళ్తే మిగతాదంతా లాభం. దాన్ని ఆయిస్టర్‌కి లింక్ చేస్తే రద్దీ లేని వేళల్లో ట్యూబ్‌లోనూ (లండన్ మెట్రో రైలు) తగ్గింపు వస్తుంది. అయితే నాలుగైదు రోజుల కోసం ఆయిస్టర్ కార్డు కొని మరీ లింక్ చేయించడం నా లెక్కలో గిట్టదు.

రేపల్లె_ప్యాసింజర్
డబుల్‌డెక్కర్ గారూ, ఇది అసలు తెలియదు. ఇద్దరికీ 60 దాటాయి. చాలా థాంక్స్. అక్కా, ఇల్‌ఫర్డ్ వైపు చూస్తున్నాను.

ఇక చూసేవాటి గురించి చెప్పండి. లండన్ ఐ చక్రం, టవర్, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు, వెస్ట్‌మినిస్టర్ అబ్బీ చర్చి... అన్నీ కలిపి మనిషికి వంద దాటుతోంది.

కృష్ణాతీరం
మీ నాన్నగారు సోషల్ మాస్టారు, పైగా రేపల్లె అంటున్నారు. అలాంటప్పుడు ఆయన చూడాల్సిన మొదటి చోటు బ్రిటిష్ మ్యూజియం. టికెట్ లేదు.

మన అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా అక్కడ ఉన్నాయి. 33ఎ నంబరు గది, గాజు గోడ వెనక. పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు. అక్కడ చాలాకాలం ఎండకీ వానకీ పడి ఉన్నాక 1859లో ఓడ మీద లండన్ పంపారు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. అమరావతి వెళ్తే మనకి కనిపించేది మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. స్తూపం అసలు ఎలా ఉండేదో చూడాలంటే లండన్‌లో ఉన్న ఒక ఫలకం చూడాలి. దాని మీద స్తూపం బొమ్మనే చెక్కారు: సింహాలు, అయిదు స్తంభాల వేదిక, పైన ఎగిరే దేవతలు, అన్నీ. ఆ ఫలకానికి వెనకవైపు దానికంటే కొన్ని వందల ఏళ్ళ ముందు చెక్కిన బోధివృక్షం ఉంది. పాత రాయిని తిప్పి కొత్త శిల్పం చెక్కుకున్నారన్నమాట. మాస్టారికి ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పండి, మిగతాది ఆయనే చూసుకుంటారు.

ఒక్క జాగ్రత్త. ఆ గది అన్ని వేళల్లోనూ తెరిచి ఉండదు. మ్యూజియం తెరిచి ఉన్నా అది మూసి ఉండొచ్చు. వెళ్ళేముందు రోజు వాళ్ళ సైట్లో గ్యాలరీల పేజీ చూడండి. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా మ్యూజియం ఉంటుంది గానీ అన్ని గదులూ ఉండవు, మీరు పొద్దున్నే వెళ్ళండి. సూట్‌కేసులతో లోపలికి రానివ్వరు.

చార్మినార్_చాయ్
మ్యూజియంలు సరే, టవర్‌లో ఉన్న కోహినూర్ చూపించకుండా ఎలా పంపుతారు? ఇంటికెళ్ళాక చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న అదే. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం, మనవాళ్ళు మనది చూసుకోవద్దా? ఇంత దూరం లక్షలు పెట్టి వచ్చాక ముప్పై పౌండ్ల దగ్గర చేయి ముడుచుకోవడం నాకు నచ్చదు. జీవితంలో ఒక్కసారి వస్తారు.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, ముగ్గురికి కలిపి వంద పౌండ్లు. పదకొండు వేల రూపాయల పైన. రాణిగారి కిరీటాల ముందు కదిలే పట్టా మీద నిలబెడతరు, రెప్ప కొట్టేలోపు దాటిపోతం. ఫోటో కూడా తీయనియ్యరు. నాకైతే దుకాణంల గాజుముక్క చూసినట్టే అనిపించింది.

చార్మినార్_చాయ్
పట్టా దిగి వెనక్కి తిరిగి మళ్ళీ ఎక్కొచ్చు బ్రో, రద్దీ లేకపోతే ఎవరూ ఏమనరు. పైగా టవర్ అంటే కోహినూర్ ఒక్కటే కాదు. దాదాపు వెయ్యేళ్ళనాటి కోట, రాణుల తలలు తీసిన చోటు, కాకులు. సోషల్ మాస్టారికి పూట చాలదు.

ఈస్ట్‌హామ్_అక్క
ఇద్దరూ ఒకరినొకరు కొరుక్కోకండి. మాస్టారొక్కరికే టికెట్ తీసుకుంటే సరిపోతుంది కదా. 65 దాటితే కన్సెషన్ కూడా ఉంటుంది. ఆయన లోపల ఉన్నంతసేపూ మీరూ అమ్మగారూ బయట థేమ్స్ ఒడ్డున బల్ల మీద కూర్చుని టవర్ బ్రిడ్జి చూస్తూ పులిహోర తినండి. అక్కడ గాలి బాగుంటుంది, పైసా ఖర్చు లేదు. మా అత్తగారికి కోటలూ కిరీటాలూ ఏవీ గుర్తు లేవు. సెయింట్ జేమ్స్ పార్కులో పెలికాన్ పక్షుల గురించి మాత్రం ఇప్పటికీ ఫోన్లో అడుగుతారు, "ఆ సంచిమూతి కొంగలు ఉన్నాయా" అని. ఆ పార్కులో మడత కుర్చీలకి అద్దె అడుగుతారు, పక్కన చెక్క బల్లలు ఉచితం. పొరపాటున కుర్చీలో కూర్చోకండి.

బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు గార్డు మార్పిడికి మాత్రం అమ్మగారిని తీసుకెళ్ళొద్దు. జనం మధ్య గంటకు పైగా నిలబడాలి, ముందువాళ్ళ తలకాయలు తప్ప ఏమీ కనబడదు. దానికి బదులు హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రపు సైనికులు మారతారు, రోజూ పదకొండింటికి, ఆదివారం పదింటికి. జనం తక్కువ, గుర్రాలు దగ్గరగా కనిపిస్తాయి.

టూటింగ్_తమ్ముడు
లండన్ ఐ వద్దేవద్దు. ఊరంతా పైనుంచి చూసే స్కై గార్డెన్‌కి టికెట్ ఉచితం, ముందుగా బుక్ చేయాలంతే. మూడు వారాల ముందు సోమవారం పొద్దున విడుదల చేస్తారు, మంచి వేళలు చకచకా అయిపోతాయి. దొరక్కపోతే హొరైజన్ 22 చూడండి. అదీ ఉచితమే, ఇంకా ఎత్తు. రెండింటికీ లిఫ్టులే.

అబ్బీ, సెయింట్ పాల్స్ రెండింటికీ టూరిస్టు టికెట్ గట్టిగానే ఉంది. సాయంత్రం ప్రార్థనకి మాత్రం ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోవచ్చు. ఈవెన్‌సాంగ్ అంటారు. అటూ ఇటూ తిరగనివ్వరు, ఫోటోలు తీయకూడదు. కానీ ఆ గోపురం కింద గాయకబృందం పాడుతుంటే ముక్కాలు గంట హాయిగా కూర్చోవచ్చు. అమ్మగారి మోకాళ్ళకీ విశ్రాంతి. మనవాళ్ళకి ఇబ్బంది లేకపోతేనే లెండి, నేను బలవంతపెట్టను.

అంబేడ్కర్_వీధి
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 10, కింగ్ హెన్రీస్ రోడ్. బాబాసాహెబ్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతున్నప్పుడు 1921-22లో ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియంగా మార్చింది. ప్రవేశం ఉచితం. మామూలు నివాస వీధిలో మామూలు ఇల్లు, చాక్ ఫామ్ స్టేషన్ నుంచి నడక దూరం. లోపల మెట్లు ఉన్నాయి, అమ్మగారు కింది గదులు చూస్తే చాలు. అక్కడి నుంచి ప్రిమ్‌రోజ్ హిల్ పక్కనే. ఎక్కగలిగితే లండన్ మొత్తం కనిపిస్తుంది, గుట్ట చిన్నదే. తెరిచి ఉండే రోజులు ముందు కనుక్కుని వెళ్ళండి.

పార్లమెంట్ స్క్వేర్లో గాంధీ విగ్రహం, నది అవతలి ఒడ్డున లాంబెత్‌లో బసవేశ్వరుడి విగ్రహం కూడా 2015లో పెట్టినవే. మాస్టారు కదా, మూడూ కలిపి ఒక రోజు పాఠం అవుతుంది.

ఇల్‌ఫర్డ్_రూమ్స్
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
గదుల అద్దె ప్రకటనలు ఈ చర్చలో వద్దు. సభ్యులందరికీ మనవి: మెసేజ్‌లో ఫోటోలు పంపి, చూడకముందే అడ్వాన్స్ పంపమనే వాళ్ళకి డబ్బు వేయకండి. "మన తెలుగువాళ్ళే కదా" అని పంపి పోగొట్టుకున్నవాళ్ళ ఫిర్యాదులు మాకు వస్తూనే ఉన్నాయి.

వైజాగ్_బీచ్‌రోడ్
సెంట్రల్‌లోనే ఉండాలనుకునేవాళ్ళకి ఒక ముక్క. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్లో ఇండియన్ వైఎంసీఏ ఉంది, గదితో పాటు టిఫిన్ ఇస్తారు, క్యాంటీన్లో మన భోజనం దొరుకుతుంది. గదులు సాదాసీదాగా ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా విద్యార్థులు ఉండరు కాబట్టి యూనివర్సిటీ హాస్టల్ గదులు కూడా బయటివాళ్ళకి ఇస్తారు. ప్యాసింజర్ గారు మేలో వస్తున్నారు కాబట్టి ఆ రెండోది ఆయనకి పనికిరాదు.

ఒక చిన్న మోసం లాంటిది చెప్తాను. ఊళ్ళో ఒక గిఫ్టు షాపులో మా మావయ్య ఇండియా కార్డు పెడితే మెషీన్ "రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా" అని అడిగింది. ఆయన మన రూపాయి అనగానే సంతోషంగా అదే నొక్కేశారు. వాళ్ళ మార్పిడి రేటు చూస్తే కడుపు రగిలిపోయింది. ఎప్పుడూ పౌండ్లే నొక్కాలి.

టూటింగ్_తమ్ముడు
తిండి గురించి ఇంకొంచెం. ఇక్కడ చాలా బడ్జెట్ హోటల్ గదుల్లో కెటిల్ ఉంటుంది. ఇన్‌స్టంట్ ఉప్మా, సేమ్యా ప్యాకెట్లు, అమ్మ చేతి పొడులు ఉంటే రాత్రి గడిచిపోతుంది. సూపర్‌మార్కెట్‌లో మీల్ డీల్ అని శాండ్‌విచ్, చిప్స్, డ్రింక్ కలిపి దాదాపు నాలుగైదు పౌండ్లకి ఇస్తారు, కానీ శాకాహారంలో సగం వాటిలో గుడ్డో మయొనైజో ఉంటుంది. వీగన్ గుర్తు చూసి తీసుకుంటే గొడవ లేదు. మ్యూజియంల నుంచి మధ్యాహ్నం వేడి భోజనం కావాలంటే యూస్టన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్‌కి రండి, మన శాకాహారం దొరుకుతుంది. నీళ్ళ సీసాలు కొనొద్దు, కుళాయి నీళ్ళు తాగొచ్చు.

బాత్రూం సంగతి పెద్దవాళ్ళతో ముఖ్యం. ట్యూబ్ స్టేషన్లని నమ్ముకోకండి. మ్యూజియంలలోనూ కింగ్స్ క్రాస్, వాటర్‌లూ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలోనూ ఉచితం.

పాలమూరు_పిల్లగాడు
లీడ్స్ నుంచి కారేసుకుని పోతే ఎట్లుంటది? ముగ్గురు కదా.

డబుల్‌డెక్కర్
వద్దు. ఊరి మధ్యలోకి తీసుకొస్తే కంజెషన్ ఛార్జే రోజుకి పదిహేను పౌండ్లకి తక్కువ ఉండదు, పాత డీజిల్ బండి అయితే దాని మీద ఇంకొకటి, పార్కింగ్ వేరే. కట్టడం మర్చిపోతే ఇంటికి జరిమానా వస్తుంది.

రేపల్లె_ప్యాసింజర్
అందరూ చెప్పినవి కాగితం మీద పెట్టాను. ఆదివారం సాయంత్రం నుంచి గురువారం వరకు. ఫారెస్ట్ గేట్, ఇల్‌ఫర్డ్ మధ్యలో ఒక ఫ్యామిలీ రూమ్ నాలుగు రాత్రులకి 372 దగ్గర దొరికింది, కాన్సిల్ చేసుకోవచ్చు. ప్రయాణానికి 120, తిండికి 160, నాన్న టవర్ టికెట్‌కి 35 వేసుకున్నాను. 687.

సోమవారం బ్రిటిష్ మ్యూజియం, డ్రమ్మండ్ స్ట్రీట్‌లో భోజనం, సాయంత్రం అంబేడ్కర్ ఇల్లు. మంగళవారం 15 నంబరు బస్సు, టవర్, సెయింట్ పాల్స్. బుధవారం హార్స్ గార్డ్స్, పార్కు, పార్లమెంట్ స్క్వేర్. గురువారం పొద్దున గుడి, మధ్యాహ్నం రైలు. అమరావతి సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను. "33ఎ గది ఏ వేళకి తెరుస్తారో కనుక్కున్నావా" అని ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

కృష్ణాతీరం
మంచిది. సోమవారం గది మూసి ఉంటే బుధవారం పొద్దునకి మార్చుకునేలా ఖాళీ ఉంచండి. అంబేడ్కర్ ఇల్లు సోమవారం తెరిచి ఉంటుందో లేదో కూడా చూసుకోండి.

ఈస్ట్‌హామ్_అక్క
బాగుంది తమ్ముడూ. ఒకటే మార్పు, సోమవారం రెండు పెట్టకు. మ్యూజియంలోనే అమ్మకి కాళ్ళు పట్టేస్తాయి, ఆ రాతి నేల మీద నడక మామూలు విషయం కాదు. లోపల అటూ ఇటూ మోసుకెళ్ళే మడత స్టూళ్ళు పెడతారు, కనిపిస్తే ఒకటి తీసుకో. అంబేడ్కర్ ఇల్లు బుధవారం సాయంత్రానికి నెట్టెయ్.

నెల్లూరు_నెరజాణ
చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేం పిల్లలతో వస్తున్నాం, ఒకరికి 8, ఒకరికి 12. వాళ్ళకి కూడా కార్డులు కావాలా?

డబుల్‌డెక్కర్
8 ఏళ్ళ పాపకి అక్కర్లేదండీ. 11 లోపు పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే ట్యూబ్‌లోనూ బస్సులోనూ ఉచితం. గేటు దగ్గర వెడల్పు దారిలో మీతో పాటే తీసుకెళ్ళండి. 12 ఏళ్ళ వాళ్ళకి మాత్రం ఆయిస్టర్ కొనాల్సిందే, ఎందుకంటే బ్యాంకు కార్డుతో ట్యాప్ చేస్తే పెద్దవాళ్ళ ఛార్జీ పడుతుంది. కొన్నాక పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ట్యూబ్ స్టేషన్లో సిబ్బందిని యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయమనండి. రెండు వారాల దాకా సగం ఛార్జీయే. మిగతా వివరాలకి కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపేస్తే ప్యాసింజర్ గారి ప్లాన్ కింద పడిపోతుంది.